నాలుగడుగుల ట్యాంకులో టేకు చేప బతుకుతుందా? షాపతను బతుకుతుందంటున్నాడు

కూకట్‌పల్లి_సాగరం
రెండేళ్ళుగా ఉప్పునీళ్ళ ట్యాంకు నడుపుతున్నాను. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక ఎల్లో ట్యాంగ్ చేప, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. పెద్ద గొడవల్లేవు. పోయిన ఆదివారం ఉప్పు కొందామని షాపుకి వెళ్తే ఒక తొట్టిలో నీలం చుక్కల స్టింగ్‌రే కనిపించింది. మన టేకు చేపే, కానీ ఇంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. టిఫిన్ ప్లేటంత ఉంది, అంచులు ఆడించుకుంటూ గాజు మీదకి ఎక్కుతోంది, కింది వైపు చూస్తే నవ్వుతున్న మొహం. మా పాప అక్కణ్ణుంచి కదలనంది. "ఇది ఇంతకంటే పెరగదు సార్, నాలుగడుగులు చాలు, రొయ్య ముక్క వేస్తే తింటుంది" అన్నాడు షాపతను. 22 వేలు చెప్పి 18కి దిగాడు. 3 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. ఎవరైనా పెంచారా? తోక మీది విషపు ముల్లు సంగతేంటి? శనివారం తెచ్చుకోవాలి.

గప్పీగోపి
అడ్వాన్స్ ఇచ్చాక అడుగుతున్నారంటే మీరు ఖచ్చితంగా మనవాళ్ళే.

పాతనీళ్ళు
తేవద్దు. మిగతాది సాయంత్రం రాస్తాను, ఆఫీసులో ఉన్నాను.

కూకట్‌పల్లి_సాగరం
అంత మాట అనేసి వెళ్ళిపోతే ఎలా అన్నా, సాయంత్రం దాకా నేనేమైపోవాలి.

మోటోరో_మణి
ఎందుకు తేకూడదు? విజయవాడలో మూడేళ్ళ నుంచి రెండు మోటోరోలు పెంచుతున్నాను. గుండ్రాళ్ళలా ఉన్నాయి. చేతిలోంచి రొయ్య అందుకుంటాయి. ఇక్కడ జనం ఊరికే భయపెడతారు.

ముత్తుకూరు_ఫిషరీస్
మణి గారూ, మీవి మంచినీళ్ళ టేకులు, దక్షిణ అమెరికా నదులవి. ఆకారం ఒకటే గానీ లోపల యంత్రాంగం వేరు. సముద్రపు టేకు ఒంట్లో యూరియాను నిలవ ఉంచుకుని ఉప్పునీళ్ళతో సరిపెట్టుకుంటుంది. మీ మోటోరోల పూర్వీకులు కోట్ల ఏళ్ళుగా నదుల్లోనే ఉండిపోయి ఆ పద్ధతి వదిలేశాయి. వాటిని తీసుకెళ్ళి ఉప్పునీళ్ళలో వేస్తే బతకవు, సముద్రపు దాన్ని మీ ట్యాంకులో వేసినా అంతే. కాబట్టి మీ అనుభవం తిండి దగ్గర కొంత పనికొస్తుంది, నీళ్ళ దగ్గర పనికిరాదు.

భీమిలి_కుర్రోడు
ఓ, యూరియా వల్లేనా? మా దగ్గర టేకు ముక్క కాస్త పాతబడితే ముక్కు బద్దలయ్యే ఘాటు వాసన వస్తుంది. మా అమ్మ పసుపు, చింతపండు వేసి నాలుగు నీళ్ళు కడిగితే గానీ పొయ్యి మీద పెట్టదు.

ముత్తుకూరు_ఫిషరీస్
అదే. చచ్చాక ఆ యూరియా అమోనియాగా మారుతుంది.

గప్పీగోపి
18 వేల టేకు పులుసు. సాగరం గారూ, పెంచడం కుదరకపోతే ప్లాన్ బి రెడీ.

కూకట్‌పల్లి_సాగరం
మా పాప పక్కనే కూర్చుని చదువుతోందండీ, దయచేసి.

పాతనీళ్ళు
సరే, కూర్చున్నాను. ముందు అది ఏ చేపో తేల్చుకో. బ్లూ డాట్ అని మన షాపుల్లో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది, చుక్కలు లోపల కరెంటు పెట్టినట్టు వెలిగే నీలం, తోకకి అటూ ఇటూ నీలం చారలు. అది రిబ్బన్‌టెయిల్. రెండోది గాలిపటంలా మూలలు తేలి ఉంటుంది, చుక్కలు వెలిసిపోయినట్టుంటాయి, కళ్ళ మీదుగా గంతలు కట్టినట్టు ముదురు మచ్చ, తోక చివర నలుపు తెలుపు కట్లు. అది మాస్క్ రే. మొదటిది సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పుకి వస్తుంది, రెండోది ఇంకొంచెం ఎక్కువే. తోక ఈ లెక్కలో లేదు. ఇప్పుడు నీ ట్యాంకు వెడల్పు అడుగున్నర, అంటే 45 సెంటీమీటర్లు. అందులో 35 సెంటీమీటర్ల పళ్ళెం తోకతో సహా వెనక్కి తిరగాలి. బాత్రూంలో బుల్లెట్ బండి తిప్పడమే. ట్యాంకు ఎత్తు, పొడవు కాదు తమ్ముడూ, ముందు నుంచి వెనక్కి ఎంత ఉందన్నదే టేకుకి ముఖ్యం. ఎంత చిన్న జాతికైనా 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు తక్కువలో తక్కువ అనుకో.

రెండో సంగతి తిండి. రిబ్బన్‌టెయిల్ అయితే షాపుకి వచ్చాక చాలా మటుకు తిండి ముట్టదు. పట్టుకున్న చోటు నుంచి మన దాకా రావడానికి ఎన్ని చేతులు మారిందో, ఎన్ని రోజులు కడుపు మాడ్చుకుందో దేవుడికే తెలియాలి. కొందరి దగ్గర తిని కూడా నెల తిరక్కుండా పోతుంది, ఎందుకు పోయిందో అర్థం కాదు.

మూడోది నా సొంత పాపం. పదేళ్ళ కిందట నా దగ్గర మాస్క్ రే ఉండేది, 7 నెలలు బాగా తింది. ట్యాంగ్‌కి తెల్ల మచ్చలు వచ్చాయి. షాపులో మందు ఇచ్చారు, రాగి మందు. సీసా మీద రీఫ్ ట్యాంకులో వాడరాదు అని రాసి ఉంది. నా ట్యాంకులో పగడాలు లేవు కదా, టేకు చేపే కదా అనుకుని కొలిచి మరీ పోశాను. టేకులకి, సొరలకి రాగి విషం. రెండో రోజుకి ఇసుకలో దూరడం మానేసింది. మూడో రోజు అంచులు పైకి లేచాయి, నూనెలో వేసిన అప్పడం అంచులు లేస్తాయే అలా. నీళ్ళు సగం మార్చాను, మందుని పీల్చుకుంటుందని కార్బన్ వేశాను. నాలుగో రోజు పొద్దున లేచి లైటు వేయబుద్ధి కాలేదు.

అందుకే తేవద్దు అన్నాను.

కూకట్‌పల్లి_సాగరం
అన్నా, నాది కోలగా ఉన్నదే. తోకకి నీలం చారలు ఉన్నాయి. నా ట్యాంకు సెకండ్ హ్యాండ్ కూడా. ముందున్నాయన రాగి వాడాడో లేదో నాకెలా తెలుస్తుంది?

పాతనీళ్ళు
తెలియదు. రాళ్ళు, ఇసుక రాగిని పీల్చుకుని మెల్లగా వదులుతాయి. కాపర్ టెస్ట్ కిట్ ఉంటే చూసుకో. నీ క్లీనర్ రొయ్య రెండేళ్ళు బతికిందంటే చాలా వరకు లేనట్టే, రొయ్యలకీ రాగి పడదు. అన్నట్టు టేకు వస్తే ఆ రొయ్య మొదటి రాత్రే స్వాహా.

గప్పీగోపి
18 వేలకి టేకు, రెండు వేల రొయ్య దానికి వెల్‌కమ్ డ్రింక్.

డాలస్_బాబాయ్
పాతనీళ్ళు గారు చెప్పింది కాదనను గానీ "టేకు అసలే వద్దు" అంటే నేను ఒప్పుకోను. ఏ టేకు, ఎక్కడి నుంచి వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా ఇంట్లో ఎల్లో స్టింగ్‌రే ఉంది, కరీబియన్ వైపుది, నాలుగేళ్ళు దాటింది. ఇది కూడా దాదాపు 35 సెంటీమీటర్ల వరకే వస్తుంది. సముద్రంలో పట్టింది కాదు, ఇంకో ఆయన ట్యాంకులో పుట్టిన పిల్ల. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. పుట్టినప్పటి నుంచీ చేతి తిండికి అలవాటు పడింది కాబట్టి తిండి గొడవ లేదు. నా ట్యాంకు 8 అడుగులు, 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు. దగ్గర దగ్గర 1350 లీటర్లు. కింద సన్న ఇసుక, పంచదారంత సన్నం, రెండు అంగుళాలు. రాళ్ళు తక్కువ, అవి కూడా ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు గాజు మీద ఆనించాను. ఇది ఇసుక తవ్వుతుంది, రాయి కింద తవ్విందంటే రాయి దాని మీదే కూలుతుంది. హీటర్ ట్యాంకులో లేదు, కింద సంప్‌లో, అంటే ఫిల్టర్ ఉండే చిన్న ట్యాంకులో పెట్టాను. వీటికి వేడి గొట్టం మీద పడుకుని కాలినా లేవడం తెలియదు.

మా ఆవిడ మొదట్లో "ఇదేం జంతువు" అంది. ఇప్పుడు రాత్రి దానికి తిండి పెట్టాకే మనకి వడ్డిస్తుంది.

కూకట్‌పల్లి_సాగరం
బాబాయ్, ఖర్చెంత అవుతుంది? నిజం చెప్పండి.

డాలస్_బాబాయ్
నెల లెక్క రాసుకోవడం మొదటి సంవత్సరమే మానేశాను. రాసుకుంటే ఇంట్లో దొరికిపోతాను.

గప్పీగోపి
ఇదీ అనుభవం అంటే.

పాతనీళ్ళు
బాబాయ్ గారి లెక్క నేను చెప్తాను, హైదరాబాద్ లెక్క. లీటరుకి 35 గ్రాముల ఉప్పు. 1000 లీటర్ల ట్యాంకులో ఒకసారి 20 శాతం నీళ్ళు మారిస్తే 200 లీటర్లు, అంటే 7 కిలోల ఉప్పు. టేకు తినేది ఎక్కువ, విసర్జించేది ఎక్కువ, అమోనియాకి అసలు ఓర్చుకోదు. కాబట్టి ఇది నెలకోసారి చేసే పని కాదు. ఆ 200 లీటర్లు ఆర్వో నీళ్ళే కావాలి, బోరు నీళ్ళు పనికిరావు, ఇంటి ఆర్వో ఒక లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు డ్రైనేజీకి పంపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ లేకపోతే నీళ్ళు 31, 32 డిగ్రీలకి పోతాయి, దీనికి 24 నుంచి 26 మధ్య ఉండాలి. ప్రోటీన్ స్కిమ్మర్, అదే నీళ్ళలోని మలినాల్ని నురగగా బయటికి తీసే మిషన్, ట్యాంకు సైజుకి చెప్పిన దానికంటే పెద్దది కావాలి. ఇక మన కరెంటు. రాత్రి రెండు గంటలు పోయి ఇన్వర్టర్ చేతులెత్తేస్తే క్లౌన్ ఫిష్ ఎలాగో నెట్టుకొస్తుంది, టేకు నెట్టుకురాదు.

సివిల్_సుబ్బు
చేపల గురించి నాకేం తెలీదు, మా అబ్బాయి కోసం ఇక్కడ చేరాను. ఒక్కటే అడుగుతా, మీరు ఎన్నో అంతస్తు?

కూకట్‌పల్లి_సాగరం
మూడో అంతస్తు సార్. అపార్ట్‌మెంట్.

సివిల్_సుబ్బు
అయితే వినండి. వాళ్ళు చెప్పిన 6 × 3 × 2 ట్యాంకులో సుమారు 1020 లీటర్లు పడతాయి. నీళ్ళే ఒక టన్ను. 12 మిల్లీమీటర్ల గాజు వేస్తే గాజు బరువు 150 కిలోలు. పైన ఇసుక, రాళ్ళు, ఇనుప స్టాండు, కింద ఇంకో చిన్న ట్యాంకు ఉంటుందంటున్నారు. అన్నీ కలిపితే 1400 కిలోలకి తక్కువ కాదు. అది ఆనేది 1.67 చదరపు మీటర్ల మీద. చదరపు మీటరుకి 800 కిలోల పైమాట. మన ఐఎస్ 875 అనే భవనాల ప్రమాణం ప్రకారం నివాస గదుల స్లాబుకి డిజైన్ చేసే లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకి 200 కిలోలు. వెంటనే కూలిపోతుందని నేను అనడం లేదు, గది మొత్తం మీద బరువు సర్దుకుంటుంది, బీము మీదుగా గోడ వారగా పెడితే కథ వేరు. కానీ డ్రాయింగులు చూడకుండా, స్ట్రక్చరల్ ఇంజినీరుని అడక్కుండా హాలు మధ్యలో పెట్టారంటే కింద ఫ్లాటు వాళ్ళకి స్టింగ్‌రే ఉచితం.

గప్పీగోపి
సుబ్బు గారూ, మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు.

మోటోరో_మణి
నాది గ్రౌండ్ ఫ్లోర్, బతికిపోయా. సరే, నీళ్ళ విషయం ఒప్పుకుంటున్నా. కానీ ముల్లు గురించి ఇంత భయం దేనికి? నన్ను మూడేళ్ళలో ఒక్కసారీ కుట్టలేదు.

గప్పీగోపి
టీవీలో మొసళ్ళు పట్టే స్టీవ్ ఇర్విన్, టేకు పొడిచి పోయినాయన, ఆయన కూడా రోజూ అలాగే అనుకుని ఉంటాడు.

ముత్తుకూరు_ఫిషరీస్
ఆ ఉదాహరణ ప్రతిసారీ వస్తుంది. 2006 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలో ఆయన్ని పొడిచింది పెద్ద టేకు, ముల్లు నేరుగా గుండెలో దిగింది. ఇంట్లో పెంచే సైజుది పొడిస్తే అలా జరగడం చాలా అరుదు. కానీ నొప్పి మాత్రం అరుదు కాదు.

భీమిలి_కుర్రోడు
నొప్పి గురించి మా చిన్నాన్నని అడగాలి. అలివి వల లాగుతుంటే ఒడ్డు దగ్గర మోకాలి లోతు నీళ్ళలో తొక్కాడు. చీలమండ పక్కన పొడిచింది. మనిషి ఆరడుగులు, తుపానులో బోటు మీద నిలబడి నవ్వే రకం, ఇసుకలో పడి పొర్లి ఏడ్చాడు. నేనప్పుడు ఏడో తరగతి. మా తాత గోలేమీ లేకుండా పక్క హోటల్లో వేడినీళ్ళు బక్కెట్లో పోయించి, తన చెయ్యి పెట్టి చూసుకుని, కాలు అందులో ముంచాడు. చల్లారితే మళ్ళీ పోయించాడు. గంట పైనే. నొప్పి చాలా తగ్గింది. తర్వాత ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే లోపల ముల్లు ముక్క విరిగి ఉంది, అది తీయించుకుని టెటనస్ ఇంజెక్షన్ చేయించుకున్నాడు. పుండు మానడానికి నెలన్నర.

అందుకే మావాళ్ళు వలలో టేకు పడితే మొదట చేసే పని కత్తితో తోక నరికి నీళ్ళలో పారేయడం. నీళ్ళలో నడిచేటప్పుడు కూడా కాళ్ళు ఎత్తి వేయరు, ఈడుస్తూ నడుస్తారు, అలికిడికి అది పక్కకి పోతుంది.

ముత్తుకూరు_ఫిషరీస్
మీ తాత గారు చేసిందే సరైన పని. ఆ విషం ప్రోటీను, వేడికి విరుగుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర. పొడిపించుకున్న మనిషికి నొప్పిలో వేడి తెలియదు కాబట్టి ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఏదీ లేదు. వేడినీళ్ళ తర్వాత ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ఛాతీలో, పొట్టలో గుచ్చుకుంటే ముల్లు పీకకూడదు, అలాగే తీసుకెళ్ళాలి.

ఇంకోటి. ముల్లు ఊడిపోయి మళ్ళీ వస్తుంది కూడా, ఇంట్లో కత్తిరించే ప్రయోగాలు చేయకండి. పట్టుకునేటప్పుడు వల వాడకండి, ముల్లు వలలో చిక్కుకుని ఇద్దరికీ దెబ్బ. నీళ్ళతో సహా గట్టి డబ్బాలోకి ఎక్కించాలి.

కూకట్‌పల్లి_సాగరం
మా పాపకి ఆరేళ్ళు. ట్యాంకులో చెయ్యి పెట్టే అలవాటు ఉంది. ఇది నాకు అసలు తట్టనే లేదు.

డాలస్_బాబాయ్
మూత, తాళం. మా మనవడు వచ్చినప్పుడు నేను అదే చేస్తాను. గాజు తుడిచేటప్పుడు అది ఎక్కడుందో చూసుకోకుండా నేను కూడా చెయ్యి పెట్టను. నాలుగేళ్ళలో కుట్టలేదు, అది మంచిది కావడం వల్ల, నేను పిరికివాణ్ణి కావడం వల్ల.

ఒక విషయం మర్చిపోయాను. రెండో ఏడు దాని గొంతు కింద చిన్న ఉబ్బు వచ్చింది. కింది వైపు గాజుకి ఆనినప్పుడు మాత్రమే కనిపించేది. గాయిటర్. ట్యాంకు నీళ్ళలో అయోడిన్ తగ్గితే టేకులకి, సొరలకి వస్తుంది, నైట్రేట్ పెరిగితే ఇంకా ఎక్కువ, పైగా నేను నీళ్ళు శుభ్రంగా ఉండాలని ఓజోన్ వాడేవాణ్ణి, అది నీళ్ళలో అయోడిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. ఓజోన్ ఆపి, వెట్ చెప్పినట్టు తిండిలో అయోడిన్ కలిపితే కొన్ని నెలలకి తగ్గింది. మన పాత రోజుల్లో కొండ ప్రాంతాల వాళ్ళకి గొంతు వాపు వచ్చేదే, అదే జబ్బు.

పాతనీళ్ళు
హైదరాబాద్‌లో టేకు గొంతు చూసే వెట్ ఎక్కడ దొరుకుతాడు బాబాయ్ గారూ. కుక్కపిల్లని తీసుకెళ్తేనే టోకెను.

ముత్తుకూరు_ఫిషరీస్
కొనేవాళ్ళు ఎవరైనా బిల్లు, ఎక్కడి నుంచి వచ్చిందన్న కాగితం అడగండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, గంగా టేకుని, ముళ్ళ టేకుని 2001లోనే చేర్చారు, 2022 సవరణతో జాబితాలు మళ్ళీ మారాయి. సైటీస్, అంటే అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం, దాని జాబితాల్లో ఉన్న విదేశీ జంతువుల్ని పెంచేవాళ్ళు 2024 నుంచి కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. మణి గారూ, మీరు కూడా ఒకసారి చూసుకోండి.

మోటోరో_మణి
చూసుకుంటా మేడమ్. టాపిక్ మార్చండి.

కూకట్‌పల్లి_సాగరం
రేపు షాపుకి వెళ్తున్నాను. తెచ్చుకోవడానికి కాదు, చూడ్డానికి. ఏం చూడాలి?

పాతనీళ్ళు
నీ ఎదురుగా తిండి పెట్టమను. "ఇప్పుడే తిన్నాడు సార్" అంటే రేపొస్తా అను. రెండోది, తోక మొదట్లో ఒంటికి కలిసే చోట చూడు. నిండుగా మెత్తగా ఉండాలి. అక్కడ రెండు ఎముకల్లాంటివి పొడుచుకొచ్చి, వాటి వెనక గుంట పడి ఉంటే అది చాలా రోజులుగా తినడం లేదు. కళ్ళ వెనక ఉన్న రంధ్రాలు చూడు, వాటితోనే ఊపిరి పీలుస్తుంది, రొప్పుతున్నట్టు వేగంగా కొట్టుకుంటుంటే వచ్చేసెయ్. గాజు మీదకి పదే పదే ఎక్కడం ఆట కాదు, దారి వెతుక్కోవడం. ఆ నవ్వే మొహంలో కళ్ళనుకునేవి ముక్కు రంధ్రాలు.

కూకట్‌పల్లి_సాగరం
వెళ్ళొచ్చాను. షాపతను రొయ్య ముక్క పట్టకారుతో పట్టుకుని ముందు పెట్టాడు. అది ముక్క మీదుగా వెళ్ళిపోయింది, ముక్క అక్కడే ఉంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. "పొద్దున తిన్నాడు సార్" అన్నాడు. ఎప్పుడొచ్చిందంటే తొమ్మిది రోజులన్నాడు. తోక దగ్గర చూశాను. మీరు చెప్పినట్టే రెండు పక్కలా ఎముకలు కనిపిస్తున్నాయి, మధ్యలో వేలు పట్టేంత గుంట. ఎడమ అంచున చిన్న గాటు కూడా ఉంది, మొన్న నేను గమనించలేదు, చుక్కలే చూశాను.

అడ్వాన్స్ డబ్బు రూపంలో ఇవ్వనన్నాడు, 3 వేలకి ఉప్పు బకెట్ తీసుకున్నాను. పాప ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగాక "అది ఆకలితో ఉంది కదా నాన్నా, మనం ఎందుకు తేలేదు" అంది.

మోటోరో_మణి
ఆ మాట కరెక్టే కదా. షాపులో వదిలేస్తే వారంలో పోతుంది. తెచ్చి ప్రయత్నించి ఉంటే సగం ఛాన్సన్నా ఉండేది.

పాతనీళ్ళు
255 లీటర్ల ట్యాంకులో సగం ఛాన్సా? జాలితో కొంటే షాపతనికి అది జాలి కాదు, అమ్మకం. వచ్చే వారం ఇంకోటి తెప్పిస్తాడు.

మోటోరో_మణి
మీరు చెప్పేది పుస్తకంలో బాగుంటుంది. ఎదురుగా ఉన్న చేపకి ఆ లెక్క ఎందుకు?

డాలస్_బాబాయ్
ఇద్దరిదీ నిజమే. నా వల్ల అయితే షాపుకే వెళ్ళి బతికున్న రొయ్యలు వేయమని చెప్తాను.

కూకట్‌పల్లి_సాగరం
చెప్పాను బాబాయ్. "చూద్దాం సార్" అన్నాడు.

కొత్తనీళ్ళు_23
ఇవాళే చేరాను. నిన్న కూకట్‌పల్లి వైపు ఒక షాపులో బ్లూ డాట్ స్టింగ్‌రే కొన్నాను, 15 వేలకి వచ్చింది. 5 అడుగులు × 2 అడుగుల ట్యాంకు, కొత్తది, మూడు వారాలైంది పెట్టి. నిన్నటి నుంచి ఏమీ తినడం లేదు, ఒక మూల పడుకుని ఉంది. ఆకలి పుట్టడానికి ఏదైనా మందు ఉందా?

గప్పీగోపి
కొత్తనీరొచ్చి పాతనీరుని కొట్టుకుపోతుందంటారు. ఇక్కడ పాతనీళ్ళకి బీపీ వచ్చేలా ఉంది.

కూకట్‌పల్లి_సాగరం
ఎడమ అంచున చిన్న గాటు ఉందా?

కొత్తనీళ్ళు_23
ఉంది. మీకెలా తెలుసు??

పాతనీళ్ళు
మందులు ఏవీ పోయకండి, ముఖ్యంగా రాగి ఉన్నదేదీ. అమోనియా, నైట్రైట్ ఎంతున్నాయో ఇప్పుడే చూసి చెప్పండి.

కొత్తనీళ్ళు_23
అమోనియా 0.5 చూపిస్తోంది. నైట్రైట్ కిట్ లేదు.

పాతనీళ్ళు
మూడు వారాల ట్యాంకు ఇంకా పండలేదు. ఇప్పుడే 30 శాతం మార్చండి, కొత్త నీళ్ళ ఉప్పు, వేడి రెండూ పాతవాటితో సరిపోవాలి. గాలి పంపు పెట్టండి. లైట్లు ఆపండి. ఎవరి దగ్గరైనా పాత ట్యాంకు రాళ్ళు, స్పాంజి ఉంటే తెచ్చుకోండి, వాటి మీద అమోనియాని తినే బ్యాక్టీరియా ఉంటుంది.

కూకట్‌పల్లి_సాగరం
నా దగ్గర ఉన్నాయి. రెండేళ్ళ రాళ్ళు. మీరెక్కడుంటారు?

కొత్తనీళ్ళు_23
నిజాంపేట.

కూకట్‌పల్లి_సాగరం
పదిహేను నిమిషాలు. దారిలో బతికున్న చిన్న రొయ్యలు దొరికితే తెస్తాను.

డాలస్_బాబాయ్
రొయ్యలతో పాటు ఆల్చిప్ప మాంసం దొరికితే కొంచెం నలిపి ఆ రసం నీళ్ళలో వదలండి, వాసనకి కదులుతుంది. చీకట్లో పెట్టండి, ముందు నిలబడకండి. తినకపోతే మిగిలిన ముక్కలు గంటలో తీసేయండి, లేకపోతే అమోనియా మళ్ళీ మొదటికి.

మోటోరో_మణి
మొత్తానికి రెస్క్యూ టీమ్ బయల్దేరింది. నేనేం మాట్లాడను.

కూకట్‌పల్లి_సాగరం
రాత్రి 11:20. రాళ్ళు పెట్టాం, నీళ్ళు మార్చాం, అమోనియా 0.25కి దిగింది. బతికున్న రొయ్యలు పది వేశాం. లైటు ఆపి హాల్లో నేల మీద కూర్చున్నాం, నేను, ఆయన, మా పాప. గంటసేపు ఏమీ లేదు. ఒక రొయ్య దాని వీపు మీద నడుచుకుంటూ వెళ్ళింది, అయినా కదల్లేదు. పాప నిద్రపోయింది. 11 దాటాక ఇసుక కదిలిన చప్పుడులాంటిది వచ్చింది. ఫోన్ వెలుతురు గోడ మీదకి వేసి చూస్తే అది మూలలో లేదు, మధ్యలో ఉంది, ఒళ్ళు గిన్నెలా బోర్లించి నేలకి అదుముకుంటోంది. రొయ్యలు లెక్కపెట్టాం. తొమ్మిది.

కొత్తనీళ్ళు_23
రెండుసార్లు లెక్కపెట్టాం. తొమ్మిదే.

గప్పీగోపి
ఫిల్టర్ వెనక చూశారా? మా ఇంట్లో పోయినవన్నీ అక్కడే దొరుకుతాయి.

కొత్తనీళ్ళు_23
చూశాను. అక్కడ లేదు.

పాతనీళ్ళు
పొద్దున మళ్ళీ లెక్కపెట్టి చెప్పండి. అమోనియా కూడా. ఎన్ని గంటలకైనా సరే, మేలుకునే ఉంటాను.